మగ్గం గుంతలో కాళ్ళు

ఏడో నంబరు అని లోపలి నుంచి కేక వినపడగానే చిన్నప్ప తన చేతిలోని చీటీని మరోసారి విప్పి చూసుకున్నాడు, చూడకపోతే పదకొండు కాస్తా పన్నెండైపోతుందన్నట్టు. పదకొండే. మధ్యలో ముగ్గురున్నారు, ముగ్గురంటే గంటసేపు, ఎందుకంటే నెలకొకసారి బెంగుళూరు నుంచి జీపులో వచ్చే ఈ డాక్టరు తక్కిన డాక్టర్ల మాదిరి నాలుక చాపమని, గుండె మీద గొట్టం పెట్టి, చీటీ గీకి పంపే రకం కాదు, కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. మాట్లాడించడమే వైద్యమంటే మొదట్లో చిన్నప్పకు నవ్వొచ్చింది. మాటలే మందైతే సోమందేపల్లె చుట్టూ పదూళ్ళలో తనకంటే పెద్ద మందులంగడి ఇంకెవడికుంది అనుకున్నాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆసుపత్రి వసారాలో ఎండ ఒక్కో బండా దాటుకుంటూ లోపలికి వస్తోంది, ఫినాయిలు వాసన, ఎవరిదో గంజి వాసన, బయట కానుగ చెట్టు కింద జీపు, దాని కింద నాలుక వేలాడేసుకున్న కుక్క. పక్కన బెంచీ మీద కొడుకు నాగన్న, రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని మోకాళ్ళకు చేతులు చుట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పాదాలు నేలకానించి కూర్చోగా చూసి ఏడేళ్ళయింది, నోట్లోంచి ఊఁ, ఊహూఁ తప్ప ఇంకో మాట విని కూడా ఇంచుమించు అంతే అయింది. వాడికి అవతల కోడలు తిరుపాలమ్మ, కొంగుతో ఈగలు తోలుతోంది, తన మీదివి కాదు, మొగుడి మీదివి. ఏమైందో ఎవరన్నా ఒకరు చెప్పాల తాతా, లేకుంటే బెంగుళూరికి తీసుకపోయి వార్డులో పెడ్తామనే అంటాండాడు డాక్టరు, పెడితే ఎన్నాళ్ళో నాకూ తెలీదు అని ఆసుపత్రి తరపున సైకిలు మీద ఊళ్ళు తిరిగే యేసన్న మొన్న చెప్పిపోయాడు. ఏమైందో తెలిసిన మనిషి, నాగన్న కాక, ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడు పదకొండో నంబరు చీటీ పట్టుకుని కూర్చున్నాడు.

మొదలెట్లా పెట్టాలి. అయ్యా, అప్పుడేమైందంటే, అని అనుకోగానే నాలుక ఎప్పటి దారే పట్టబోతుంది, గానుగెద్దు కళ్ళు మూసుకుని తిరిగినట్టు. నలభై ఏళ్ళుగా ఆ నోటికి అదే పని. ఒక ఏడాది ఎంత కరువంటే, ఎగరడానికి గాలి కూడా దొరక్క కాకులు వరుసకట్టి బళ్ళారికి నడిచిపోయాయని చెప్పింది ఎవరు, చిన్నప్ప. దారిలో వాటికి కాళ్ళు బొబ్బలెక్కితే ఒక బండివాడు జాలిపడి ఎక్కించుకున్నాడని కూడా. తను నేసిన ఒక చీర ఎంత పలచనంటే, ఆరేస్తే ఎండకు ఆవిరైపోయిందని, కొన్న సెట్టి ఇప్పటికీ మబ్బుల్లో అంచు కోసం వెతుక్కుంటున్నాడని చెప్పిందీ ఈయనే. మూడో తరగతి దాకా చదివిన బడిలో, నిన్న బడికెందుకు రాలేదురా అని అయ్యవారు అడిగితే, దారిలో దెయ్యం లెక్క తప్పు చేస్తుంటే దిద్దుతూ ఉండిపోయానని చెప్పి, అయ్యవారు నవ్వు ఆపుకోలేక బెత్తం పడేసినాక, ఇక ఈ నోటిని పట్టేవాడు లేకుండా పోయాడు. నవ్విస్తే దెబ్బ తప్పుతుంది, ఆ వయసులో నేర్చుకున్నది అది ఒక్కటే. మగ్గాలు మూలపడిన రోజుల్లో నబీ సాబ్ టీ హోటలు ముందు సాలెవాళ్ళందరూ ఖాళీ కడుపుతో కూర్చుని ఉంటే, చిన్నప్ప ఒక కత విసిరేవాడు, సాయంత్రం దాకా దాన్ని నములుకునేవాళ్ళు. అది తప్పా. అది తప్పు కాదు. తప్పు యాడ మొదలైంది.

ఎనిమిదో నంబరు. ఒక ముసలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది, చెప్పులు బయటే విడిచి, గుడిలోకి పోయినట్టు.

కొడుకు పటాలంలో చేరింది కరువు వల్లనే. చైనావాళ్ళ గొడవ అయిన మరుసటేడు, అనంతపురంలో మనుషులను చేర్చుకుంటున్నారని విని పద్దెనిమిదేళ్ళ నాగన్న బస్సెక్కాడు. పండ్లు చూసినారు నాయనా, సంతలో ఎద్దులను చూసినట్టే అని వచ్చి చెప్పి నవ్వాడు, అప్పట్లో వాడు నవ్వేవాడు, తండ్రి నవ్వే, ముందు పండ్లు రెండూ కనపడేటట్టు. కందకాలు తవ్వే పటాలంలో వేశారు. మగ్గం గుంతలో పుట్టినోడికి గుంత తవ్వేది నేర్పడానికి సర్కారుకు ఏడేళ్ళు పట్టిందప్పా అని చిన్నప్ప ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఏడేళ్ళయ్యాక ఇంటికి పంపుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు, రిజర్వు అని. రిజర్వంటే ఏమప్పా అని నబీ సాబ్ అడిగితే, అటక మీద పెట్టిన గుండిగ సాబూ, దినామూ అక్కర్లేదు, పెండ్లొస్తే దింపుతారు, అయిపోతే కడిగి మళ్ళా అటకెక్కిస్తారు, అన్నాడు. ఆ మాటకు నాగన్న కూడా నవ్వాడు. తిరిగొచ్చిన ఆ ఏడాది వాడు నేసిన నేత ఇప్పటికీ కళ్ళముందుంది, నాడె అటునుంచి ఇటు పోతుంటే చప్పుడు కూడా తాళం తప్పేది కాదు, కాళ్ళు తొక్కుతుంటే పైన పాట పాడేవాడు. తిరుపాలమ్మను చేసుకున్నాడు. ఆమెకు మూడో నెల పడినపుడు డెబ్బై ఒకటిలో పిలుపు వచ్చింది, యుద్ధం ఖాయమని, గుండిగను దింపుతున్నామని. వేరుశనక్కాయలు పెరికే రోజులు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపి పోయాడు. అన్నీ ముగిశాక ఒక రైలు పాసు, ఒక కంబళి, ఒక రేకు పెట్టె ఇచ్చి పంపేశారు. లోపల ఏముందిరా అని అడిగినవాడు లేడు, అడగాల్సి ఉంటుందని ఊళ్ళోనూ ఎవరికీ తెలియదు. మనిషి కాళ్ళూ చేతులతో వచ్చాడా, వచ్చాడు. ఇంకేం కావాల. కాళ్ళూ చేతులూ ఎంచుకుని సంతోషపడ్డారు.

కాళ్ళు. ఎండ ఇప్పుడు నాగన్న బెంచీ కిందికి వచ్చింది, అక్కడ వాడి పాదాలు ఉండాల్సిన చోట రెండు ఖాళీ బండలు మెరుస్తున్నాయి. తిరిగొచ్చిన మూడో రోజు వాడు మగ్గానికి కూర్చున్నాడు. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, కింద తొక్కుడు చెక్కల మీద పెట్టాలి. ఒకదాన్ని తొక్కితే రెండోది పాదం కింద పైకి లేస్తుంది. తాత ముత్తాతల నుంచి ఈ ఇంట్లో మగవాళ్ళ కాళ్ళకు తెలిసిన విషయం అది. నాగన్న ఎడమ కాలు తొక్కాడు, కుడి పాదం కింద చెక్క లేచింది, అంతే, పిల్లి మీద వేడినీళ్ళు పోసినట్టు ఎగిరి పడ్డాడు, పడుగు మొత్తం పుటపుట తెగింది, పదహైదు రోజుల పని. ఏమిరా, గుంతలో పాముండాదా అని చిన్నప్ప దీపం పట్టుకుని వెతికాడు, పాము లేదు. పటాలంలో ఉద్యోగం చేసి ఒళ్ళు బరువెక్కింది, కొత్తెద్దును కాడికి కట్టాల, రెండు రోజులు తన్నుకుంటాది, మూడో రోజుకు నడుస్తాది, అనుకున్నాడు. అట్లా అనుకున్నవాడు చిన్నప్ప. వాడి భుజాల మీద చేతులు వేసి గుంతలోకి కూర్చోబెట్టి అదిమి పట్టుకున్నవాడు చిన్నప్ప. పది రోజులు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. తొక్కురా, తొక్కు, అది చెక్కరా, నిన్ను తినదు. వాడు వణికేవాడు. తొమ్మిదో రోజు కూర్చున్నచోటనే పంచె తడుపుకున్నాడు. చేతుల కింద ఆ భుజాల వణుకు ఈ పొద్దుకీ అరచేతుల్లో ఉంది చిన్నప్పకు, బెంచీ చెక్క మీద ఆనించి చూసుకున్నాడు, పోలేదు.

"మామా, నీళ్ళు తాగుతావా?" అని తిరుపాలమ్మ చెంబు చాచింది. వద్దన్నాడు. "పొద్దున్నించీ నోట్లో మాట లేదు నీకు. కత ఏమన్నా అల్లుకుంటాండావా?" కోడలికి మామను ఆటపట్టించే చనువుంది, ఆయనే ఇచ్చిన చనువు. నాగన్న వదిలేసిన గుంతలో ఏడేళ్ళుగా ఆమె కూర్చుని నేస్తోంది. "అల్లుకుంటాలేమ్మా" అన్నాడు. 

పదో రోజు సాయంత్రం అన్నం దగ్గర. తిరుపాలమ్మ కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది, ఇంట్లో తండ్రీకొడుకులిద్దరే. సంగటి ముద్ద, ఊరిబిండి. నాగన్న తట్టలోకి చూస్తూ, నాయనా, గుంతలో కాళ్ళు పెడితే కింద కదులుతాది అన్నాడు. కదిలేది చెక్కే కదరా. చెక్క కాదు నాయనా, ఫకృద్దీను. ఫకృద్దీన్ రాయదుర్గం వాడు, వాడూ అటక మీది గుండిగే, వాడినీ దింపారు, పటాలంలో ఇద్దరూ తెలుగు మాట్లాడుకోవడానికి ఒకరికొకరు దొరికారు, వాడు ఉర్దూలో తిట్టి తెలుగులో బతిమాలేవాడట. పడమటి సరిహద్దులో ఇసకనేల, ఇద్దరూ కలిసి తవ్విన కందకంలో ఉండగా పక్కనే ఫిరంగి గుండు పడింది, గోడ రెండు పక్కలా కూలింది. కిందికి వంగి ఉన్న ఫకృద్దీన్ మట్టిలో కూరుకుపోయాడు, నిలబడి ఉన్న నాగన్న రొమ్ముల దాకా కూరుకుపోయాడు. నా పాదాల కింద కదిలినాడు నాయనా, ఈపో, భుజమో, పైకి లేస్తాంది, పడిపోతాంది, నేను వాని మింద నిలబడుకోనుండాను, నేను ఏం చేసినానంటే, అన్నాడు. ఏం చేశాడో చెప్పడానికి నోరు తెరిచే ఉంది. అప్పుడు చిన్నప్ప నవ్వాడు. దేవుడి సాక్షిగా ఎకసెక్కంగా నవ్వింది కాదు. భయపడ్డాడు, భయపడితే ఆ నోటికి వచ్చేది నవ్వే, అయ్యవారి బెత్తం కింద వచ్చినట్టు. పోనీలేరా, అన్నాడు, నీ కాళ్ళ కింద ఉండింది మనోడో పగోడో ఎవురు చూసినారు, పగోడనుకో, సరిపోతాది, పగోన్ని తొక్కినావనుకో, రేపు నబీ సాబ్ హోటల్లో అట్లనే చెప్తా చూడు, ఊరు ఊరంతా నిన్ను ఎత్తుకుంటారు, అన్నాడు. బిడ్డకు దెబ్బ తగిలితే నేలను కొట్టి ఊరుకోబెడతారే, అట్లా అనుకునే అన్నాడు. నాగన్న తట్టలోనే చెయ్యి కడిగేసుకున్నాడు, సగం ముద్ద అట్లనే ఉంది.

తొమ్మిదో నంబరు అని పిలిచి రెండు నిమిషాలయినా ఎవరూ లేవలేదు, తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్న ఒకాయనను వాళ్ళన్న లేపి తీసుకుపోయాడు. ఆయనా పటాలం మనిషే, యేసన్న చెప్పాడు. ఈ చుట్టుపక్కల నలుగురైదుగురు ఉండారు తాతా, పిలిపించుకోని, వాడుకోని, పంపించేసినోళ్ళు. ఒకడు మిద్దె దిగడు, ఒకడు పెండ్లాన్ని కొట్టి మళ్ళా ఆయమ్మ కాళ్ళు పట్టుకోని ఏడుస్తాడు. ఎవురింట్లో వాళ్ళు దాచిపెట్టుకోనుండారు, ఎవురికి వాళ్ళు మా ఇంట్లోనే అనుకుంటాండారు. నేను సైకిలేసుకోని ఇల్లిల్లూ తిరిగి బయటికి తీస్తాండా.

దాచిపెట్టుకోవడమా, చిన్నప్ప దాచలేదు, చాటాడు. మరుసటి రోజే చాటాడు. నబీ సాబ్ టీ వడగడుతున్నాడు, పదిమంది చుట్టూ ఉన్నారు, మొదటి రోజు ఒక్క పగవాడే, మా నాగన్న కాళ్ళ కింద వేసి గిలగిల కొట్టుకుంటుంటే ఊపిరిపోయేదాకా తొక్కిపట్టినాడు అని చెప్పాడు. వారం తిరిగేసరికి పగవాళ్ళు ముగ్గురయ్యారు, నెలకు ఒక టాంకు వచ్చి చేరింది. కత అంటే అంతే, నీళ్ళు పోసేవాడు ఉంటే పెరుగుతుంది, ఆ ఊళ్ళో నీళ్ళు ఇంకెక్కడా లేవు. బడి అయ్యవారు నాగన్నకు పూలదండ వేయించాడు. నాగన్న దండ వేసుకుని తలొంచుకుని నిలబడ్డాడు, చిన్నప్ప రొమ్ము ఈ ఆసుపత్రి గేటంత అయింది. తర్వాత ఒక దినం నాగన్న టీ తాగడానికి వచ్చాడు, ఎవడో కుర్చీ వేశాడు, ఎవడో బన్ను తెప్పించాడు, ఇంకెవడో సరదాగా, సరదాగానే, ఏమన్నా, ఎట్ల తొక్కినావో ఒకసారి తొక్కి చూపించన్నా అన్నాడు. అంతా నవ్వి చోటిచ్చారు. నాగన్న తన పాదాల వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత తండ్రి వైపు చూశాడు. ఆ చూపు. కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ముడుచుకున్నాడు, ఇక దించలేదు, నోరు ముడుచుకున్నాడు, ఇక తెరవలేదు. పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా ఆ కుర్చీలో అట్లే ఉంటే ఆ కుర్చీతో సహా మోసుకొచ్చారు ఇంటికి. మంచి కత అయ్యేది అది, ఇంకొకరి ఇంట్లో జరిగి ఉంటే.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. బిడ్డనెత్తుకుని తిరుపాలమ్మ వచ్చి, ఊరు చెప్పిన కత విని, ఆ చచ్చినోడే నా మొగుని కాళ్ళు పట్టుకున్నాడు మామా, దయ్యమై పట్టుకున్నాడు, అన్నపుడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పక్కూరి మంత్రగాణ్ణి పిలిపించింది. వాడు ముగ్గేసి, నిమ్మకాయలు కోసి, రెండు గంటలు అరిచి చెమటలు పట్టి, ఇది పరదేశం దయ్యం, దీనికి తెలుగు రాదు, ఉర్దూ వచ్చినోన్ని పిలిపించండి అన్నాడు. నబీ సాబ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, ఏమప్పా చిన్నప్పా, నాకొచ్చేది టీ కాసే ఉర్దూ, దయ్యాలతో మాట్లాడే ఉర్దూ యాడుండాది నాకాడ, అంటే అంత ఏడుపులోనూ వాకిలంతా నవ్వింది. చిన్నప్ప కూడా నవ్వాడు. నబీ సాబ్ మంచివాడు, ముగ్గు బయట గొంతుక్కూర్చుని, పిల్లవాడిని అడిగినట్టు మెల్లగా, క్యా హోనా బేటా, ఏం కావాల బిడ్డా, అన్నాడు. నాగన్న తల ఎత్తాడు. ఆ ఉర్దూ మాట వినపడిన వైపు నేలను చూసి కిందికి ఉరికి, రెండు చేతులతో నేలను గోకడం మొదలుపెట్టాడు, అలికిన నేల, పెళ్ళలు పెళ్ళలుగా తీసి పక్కకు వేస్తున్నాడు, గోళ్ళు లేచిపోయి నెత్తురు వస్తున్నా ఆపలేదు. పోతాండాది, పోతాండాది, భూమిలోకి పోతాండాది దయ్యం అని మంత్రగాడు కేకలు పెట్టాడు, తిరుపాలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. వాడు ఎవరిని తవ్వి తీస్తున్నాడో ఆ వాకిట్లో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు గుంజకు ఆనుకుని నిలబడి, పదిమందితో పాటు తలాడించాడు. తర్వాత ఆ నేలను అలికింది కూడా చిన్నప్పే, కోడలు చూడక ముందు, గోళ్ళ ముక్కలు ఏరి పారేసి.

దాని తర్వాత షాజాదీ వచ్చింది. రాయదుర్గం నుంచి రెండు బస్సులు మారి, బురఖా అంతా దుమ్ము, నేను ఫకృద్దీన్ పెండ్లాంని చాచా అంది, మీ కొడుకూ మా ఆయనా ఒకే కందకంలో ఉండారంట, ఎట్ల పోయినాడో చెప్పమను, అంతే, ఇంకేమొద్దు, అంది. నాగన్న మగ్గం వెనక్కు పోయి దాక్కున్నాడు. తిరుపాలమ్మ ఏటికి నీళ్ళకు పోయి ఉంది. చిన్నప్ప చెప్పాడు, నోరు దానంతటదే చెప్పింది, గుండు నేరుగా గుండెకు తగిలిందమ్మా, అమ్మా అనే సందు కూడా ల్యాకుండె, ఏదో ఎకసెక్కమాడి నవ్వుతాండాడంట, నవ్వుతానే ఒరిగినాడంట. నవ్వుతాండాడా, అని మళ్ళీ అడిగింది ఆమె. నవ్వుతానే పోయినాడమ్మా. ఆమె ముసుగు లోపల చాలాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంక నిద్రపోతా చాచా అని చెప్పి పోయింది. అది మంచిదో పాపమో చిన్నప్పకు ఈ పొద్దుకీ తేలలేదు. జీవితంలో ఎవరూ నవ్వని కత అదొక్కటే చెప్పాడు. మగ్గం వెనక నుంచి నాగన్న అదంతా విన్నాడు, విన్నాడని తెలుసు, పడుగు దారాలు సన్నగా అదురుతుండడం కనిపించింది.

పదో నంబరు. ఇంకొకటే. ఇప్పుడు నీళ్ళు అడిగితే కోడలు చెంబు ఖాళీ చేసి ఉంటుంది, అడగలేదు.

డాక్టరు దగ్గర రెండుసార్లు అబద్ధమే చెప్పాడు. తొలిసారి టాంకుతో చెప్పాడు, రెండోసారి టాంకు తీసేసి చెప్పాడు. డాక్టరు పాపం చిన్నవాడు, కళ్ళజోడు, సగం కన్నడం సగం తెలుగు, చెప్పిందంతా రాసుకుని నాగన్న వైపు వంగి, యుద్ధంలో శత్రువును చంపడం తప్పు కాదప్పా, నీ డ్యూటీ నువ్వు చేసినావు, అన్నాడు. నాగన్న రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. చూశావా, ఎంత బరువు మోస్తున్నాడో అని డాక్టరు తిరుపాలమ్మతో అన్నాడు, నిద్రకు మాత్రలిచ్చాడు. మాత్రలకు కళ్ళు మూతపడుతున్నాయి, కాళ్ళు మాత్రం దుప్పటి కింద తడుముకుంటూనే ఉంటున్నాయి. తప్పు కతకు సరైన మందు ఎవడివ్వగలడు. పోయిన వారం యేసన్న సైకిలు గోడకానించి గడప మీద కూర్చున్నాడు. తాతా, నీ కత నేను మూడు మాదిర్లు విన్న. హోటల్లో విన్నదాంట్లో టాంకు ఉండాది. మీ కోడలు చెప్పిన దాంట్లో దయ్యం ఉండాది. డాక్టరు రెండోసారి రాసుకున్న దాంట్లో రెండూ ల్యావు. ఇంకోటి ఏదన్నా ఉంటే చెప్పు, కొంచెం చిన్నదైనా పర్వాల్యా. అని నవ్వాడు, కానీ కళ్ళు నవ్వలేదు. చెప్తే ఏమౌతుందో యేసన్నకేం తెలుసు. దండ వేసిన ఊరు రేపు ఏమంటుంది. తోటివాని మీద నిలబడినోడా అంటుంది. ఆ మాట రెండు బస్సులు మారి రాయదుర్గం పోతే, నిద్రపోతున్న ఆడది లేచి కూర్చుంటుంది. ఏడేళ్ళుగా దయ్యం మీద కోపంతో బతికిన ఈ కోడలు, ఈగలు తోలే ఈ చెయ్యి, రేపటి నుంచి ఎవరి మీద కోపం పెట్టుకుంటుంది. చెప్పకపోతే వార్డు. తను ఇంకెన్నాళ్ళు, ఐదేళ్ళో ఆరేళ్ళో, పోయినాక ఆ మాట తెలిసినవాడు వాడొక్కడే మిగులుతాడు, ఆ మట్టిలో రొమ్ముల దాకా, కదిలించేవాడు లేకుండా. ఏదీ కుదరని కత ఇది, ఏ వైపు లాగినా ఇంకో వైపు తెగుతుంది.

పదకొండు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాగన్న కుర్చీలో కూర్చుని కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. తిరుపాలమ్మ గోడ పక్కన, యేసన్న తలుపు దగ్గర. "రా తాతా" అన్నాడు డాక్టరు, "ఈసారి ఏం తెచ్చినావు, విమానమా?" ఆటపట్టించాలనే అన్నాడు, అంతకుముందైతే చిన్నప్పకు ఆ మాట చాలు, విమానం ఎక్కేవాడే.

"ల్యా స్వామీ. ఈసారి చిన్నది."  "పగోడు ఎవుడూ ల్యాడు. టాంకు ల్యాదు. అదంతా నేను అల్లింది. మావోడూ, రాయదుర్గం ఫకృద్దీననే పిల్లోడూ ఒక కందకంలో ఉండారు. గుండు పడి మట్టి కూలింది. ఆ పిల్లోడు మావోని కాళ్ళ కింద పడిపోయినాడు. మట్టి లోపల. కదిలినాడంట. వీడు పైన ఉండాడు. అంతే."

"రాయదుర్గం ఆయమ్మ మొగుడా?" తిరుపాలమ్మ గొంతు. "మనింటికొచ్చి పోయిందని నబీ సాబ్ చెప్పినాడే, ఆయమ్మ మొగుడా మామా? మరి నువ్వు..."

చిన్నప్ప ఆమె వైపు తిరగలేదు, తిరిగితే ఇంకొకటి చెప్పేస్తాడు. "ఇది వాడు నాకొకసారి చెప్పినాడు స్వామీ, అన్నం కాడ. పూరాగా చెప్పనీల్యా నేను. నవ్వినా."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండడం చిన్నప్పకు అలవాటు లేదు, ఆ ఖాళీ చూస్తే నోరు జారుతుంది ఎప్పుడూ. "వాని తప్పేముంది స్వామీ" అన్నాడు, "రొమ్ముల దాకా మట్టి. కాళ్ళు ఇరుక్కోనుండె. తీయాలన్నా తీయల్యాకపోయినాడు."

"ఇరుక్కోల్యా."

ఆ గొంతును ఎవరూ వెంటనే గుర్తుపట్టలేదు. చాన్నాళ్ళు తెరవని తలుపు మాదిరి గీరుకుంటూ వచ్చింది. నాగన్న మోకాళ్ళ మీది నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"అట్ల కాదురా నాగన్నా, మట్టి అంత బరువున్నపుడు..." అని చిన్నప్ప మొదలుపెట్టాడు, డాక్టరు అరచెయ్యి పైకెత్తాడు.

"సుమ్మనుండు తాతా."

నోరు మూసుకోమని ఇంతవరకూ ఆయనతో అన్నవాడు లేడు.

"ఇరుక్కోల్యా నాయనా" అన్నాడు నాగన్న. "తీయొచ్చు. తీస్తే గోడ ఇంకా కూలి నా మింద పడతాదని తీయల్యా. వాడు లేస్తాండాడు, నేను అదిమిపెట్టుకోనుండాను. కదలొద్దురా అంటాండాను వాన్ని. పొద్దు గుంకేదాకా."

తిరుపాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చూస్తున్నది మొగుణ్ణి కాదు, మామను. చిన్నప్ప నాలుక మీదికి ఒకదాని వెంట ఒకటి కతలు వచ్చి నిలబడ్డాయి, నాగన్న కాళ్ళు లాక్కుని, వంగి, చేతులతో తవ్వి ఫకృద్దీనును బయటికి తీసినది ఒకటి, తీసేసరికే ప్రాణం పోయి ఉన్నది ఒకటి, ఇద్దరూ ఇసక దులుపుకుని నవ్వుతూ రైలెక్కి, వాడు రాయదుర్గంలో, వీడు ఇక్కడ దిగినది ఇంకొకటి, అన్నీ నమ్మేటట్టే ఉన్నాయి, అన్నీ తయారుగా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా బయటికి రాకుండా పండ్లు కరిచిపట్టి, కొడుకు తర్వాత ఏమంటాడో అని నిలబడ్డాడు.